బీడీ ముట్టని మనిషి, మసిబారిన శ్వాసనాళాలు: బాలానగర్ వైపు నుంచి ఒక కేసు

రోగి ఒక మహిళ, వయసు 54 ఏళ్ళు. సొంతూరు పాలమూరు వైపు. పాతికేళ్ళ కిందట కుటుంబంతో హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. బాలానగర్ వైపు ఒక పెద్ద సిగ్నల్ దగ్గర తోపుడు బండి మీద బొగ్గుల కుంపటి పెట్టుకుని మక్క కంకులు కాల్చి అమ్ముతారు. డిసెంబర్‌లో కొడుకును వెంటబెట్టుకుని మా ఛాతీ ఓపీకి వచ్చారు. ప్లాస్టిక్ కవర్ నిండా పాత చీటీలు, ఎక్స్‌రేలు. అన్నిటికంటే పైనున్న చీటీలో పంపించిన డాక్టర్ రాసింది ఒక్క ముక్క: రైట్ మిడిల్ లోబ్ కొలాప్స్ (కుడి ఊపిరితిత్తి మధ్య భాగం ముడుచుకుపోయింది), క్యాన్సర్ కాదని తేల్చండి. కొడుకు టెన్షన్ అంతా ఆ ముక్క గురించే. ఆమెకు మాత్రం బండి దగ్గర ఎవరున్నారన్నదే ఆలోచన. (ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.)

అరుదైన జబ్బని ఈ కేసు రాయడం లేదు. పొగ మసి శ్వాసనాళాల్లో ఇంకి వాటిని ఇరుకు చేసే ఈ జబ్బు ఊపిరితిత్తుల డాక్టర్లకు తెలిసిందే. అయినా ఇలాంటి రోగులు మా దాకా రావడానికి ఏళ్ళు పడుతోంది. ఈలోపు టీబీ కోర్సు, అలర్జీ మాత్రలు, క్యాన్సర్ భయం అన్నీ అయిపోతాయి. గాలి కాలుష్యం అనగానే మనం ఫోన్ తీసి ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) చూస్తాం. అది ఊరు మొత్తానికి చెప్పే అంకె. ఒక మనిషి ముక్కులోకి రోజూ ఏం పోతోందో అందులో కనబడదు, కూర్చోబెట్టి అడిగితేనే తెలుస్తుంది.

దగ్గు కథ

“దగ్గు ఎప్పటి నుంచమ్మా?”

“పెద్దపిల్ల పెండ్లప్పటి సంది సారూ.”

కొడుకు లెక్కగట్టి తొమ్మిదేళ్ళు అన్నాడు. పొద్దున లేవగానే దగ్గు, కాస్త తెమడ. చలికాలం వస్తే “మస్తు సతాయిస్తది.” రెండేళ్ళుగా మెట్లెక్కితే, బండి తోస్తే దమ్ము ఆడదు. రక్తం పడలేదు. జ్వరం లేదు. ఏడాదిలో కొంచెం బరువు తగ్గారు.

పాత చీటీలు తేదీల వారీగా పేర్చి చూస్తే కథ అర్థమైంది. నాలుగేళ్ళ కిందట ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ కనబడితే ఒక ప్రైవేటు క్లినిక్‌లో టీబీ మందులు మొదలుపెట్టారు. తెమడ పరీక్ష చేసినట్టు ఎక్కడా కాగితం లేదు. ఆరు నెలల కోర్సు ఆమె ఒక్క రోజు కూడా తప్పకుండా పూర్తి చేశారు. దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. ఆ తర్వాతి చీటీలన్నింటిలో “డస్ట్ అలర్జీ.” సిట్రిజిన్, మాంటెలుకాస్ట్, దగ్గు సిరప్, మరీ ఎక్కువైనప్పుడు నెబ్యులైజర్, అయిదు రోజుల స్టెరాయిడ్ మాత్రలు. ఇన్నేళ్ళలో స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష, ఒక్కసారీ జరగలేదు. ఆ పరీక్ష ఖర్చు ఆమె కవర్లో ఉన్న సిరప్ బిల్లుల మొత్తం కంటే తక్కువే.

ప్రతి చీటీలోనూ పొగాకు గడిలో “నాన్ స్మోకర్” అని ఉంది. నిజమే. బీడీ, చుట్ట, గుట్కా ఏదీ లేదు. చనిపోయిన భర్త బీడీలు తాగేవారు గానీ ఇంట్లో కాదు. ఆ గడి నిండగానే పొగ గురించిన ప్రశ్న అక్కడితో ఆగిపోయింది.

పొగల లెక్క

పొగాకు తాగేవారికి రోజుకెన్ని, ఎన్నేళ్ళు అని గుణించి ప్యాక్ ఇయర్స్ రాస్తాం. పొయ్యి పొగకూ అలాంటి లెక్కే ఉంది: రోజుకు పొయ్యి ముందు గడిపిన గంటలను ఏళ్ళతో గుణించాలి. ఇది సరిగ్గా రావాలంటే “కట్టెల పొయ్యి వాడేవారా” అని అడిగితే చాలదు. అవునని ఒక్క మాటతో అయిపోతుంది. వంటిల్లు ఎట్లుండేది, కిటికీ ఉందా, ఏం కాల్చేవాళ్ళు, కళ్ళు మండేవా, చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టేవారు అని ఒక్కొక్కటే అడగాలి.

తొమ్మిదేళ్ళ వయసు నుంచే వంట ఆమెదే. తల్లి కూలికి పోయేది. కిటికీ లేని గుడిసె, నేల మీద పొయ్యి, పొయ్యిలో కంది కట్టె, పత్తి కట్టె, వానాకాలమైతే పిడకలు. రెండు పూటలా కలిపి నాలుగు గంటలు, ఇరవై ఏళ్ళు. అంటే 80 గంట-ఏళ్ళు. హైదరాబాద్ వచ్చాక మొదట కిరోసిన్ స్టవ్, తర్వాత గ్యాస్. వంట పొగ పోయింది.

ఇక్కడితో ఆపితే కథ సగమే. “మరి స్నానానికి నీళ్ళు ఎట్ల కాగబెడతరమ్మా?” అని అడిగితే రెండో పొయ్యి బయటపడింది. గది వెనక రేకుల చాటున నీళ్ళ పొయ్యి. అందులో కట్టెలు కావు, పక్కనున్న ఫర్నిచర్ షెడ్డు వాళ్ళు ఊరికే ఇచ్చే ప్లైవుడ్ ముక్కలు, సన్‌మైకా తునకలు. ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాగేసరికి గంట. అలా పాతికేళ్ళు, ఇంకో 25 గంట-ఏళ్ళు. ప్లైవుడ్‌ను అతికించేది ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు. మామూలు కట్టె పొగే మంచిది కాదు, దానికి జిగురు, సన్‌మైకా, రంగు కాలిన ఘాటైన వాయువులు తోడు. మాటల్లో కొడుకు ఇంకొకటి చెప్పాడు. చలికాలం పొద్దున నాలుగేళ్ళ మనవరాలు కూడా ఆ పొయ్యి దగ్గరే కూర్చుని చలి కాచుకుంటుంది. ఆ పిల్లకూ నెలనెలా దగ్గే.

మూడోది బండి. పదకొండేళ్ళుగా మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా. ఒక సాయంత్రం మా జూనియర్ డాక్టర్ వెళ్ళి కాసేపు పక్కన నిలబడి చూశాడు. కుంపటి అంటించేటప్పుడు చిరిగిన ప్లాస్టిక్ కవర్లు, అట్టముక్కలు అడుగున పెట్టి వెలిగిస్తారు. బొగ్గు ఎర్రబడే దాకా పావుగంటసేపు దట్టమైన పొగ. తర్వాత పొగ కంటికి కనబడదు. ఎడమ చేత్తో కంకి తిప్పుతూ, కుడి చేత్తో విసనకర్ర విసురుతూ ఉంటారు. గింజ మాడకుండా చూడాలంటే మొహం కుంపటికి మూరెడు దూరంలోకి వంచాల్సిందే. విసిరిన ప్రతిసారీ బూడిద, నిప్పురవ్వలు లేచి నేరుగా ఆ ఎత్తులోనే వస్తాయి. వెనక రెండడుగుల్లో సిగ్నల్ పడి ఆగిన బస్సులు, ఆటోలు, సిమెంట్ మిక్సర్ లారీలు. ఎర్ర లైటు పడితేనే ఆమెకు బేరం. వాహనాలు ఆగి ఇంజన్లు కొట్టుకుంటున్న ఆ సమయంలోనే ఆమె ఎక్కువ విసురుతారు.

ఊదుడు మీటరు చెప్పింది

సిగరెట్ మాన్పించే క్లినిక్కుల్లో ఒక చిన్న మీటరు వాడతాం. ఊపిరి బిగబట్టి అందులోకి ఊదితే, వదిలిన గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చెబుతుంది. పేషెంట్ మానేశానని చెప్పినా తాగాడో లేదో పట్టేసేది అదే. పొద్దున ఓపీలో ఆమెతో ఊదిస్తే 4 పీపీఎం వచ్చింది, అంటే నార్మల్. బండి దగ్గర నుంచి నేరుగా రమ్మని ఇంకో రోజు రాత్రి ఊదిస్తే 16. మామూలుగా 10 దాటితే తాగేవాళ్ళ కిందే లెక్కేస్తాం.

ఈ తేడాకు కారణం ఉంది. కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మంచి గాలిలోకి వచ్చాక నాలుగైదు గంటలకు సగం దిగిపోతుంది. రాత్రంతా నిద్రపోయి పొద్దున్నే ఓపీలో కూర్చునేసరికి ఆధారం చెరిగిపోయి ఉంటుంది. మన ఓపీలు పొద్దున పూట, పొగ పనులు సాయంత్రం పూట. రోడ్డు పక్క బజ్జీల బండి, కబాబ్ బట్టీ, బొగ్గు ఇస్త్రీ పెట్టె, ఎవరి విషయంలోనైనా ఇంతే.

పరీక్షలు

సన్నటి మనిషి, బీఎంఐ 18.6. ఆక్సిజన్ 93 శాతం. బీపీ 148/92. రెండు వైపులా పిల్లికూతలు. కుడివైపు ముందు భాగాన, కింద శ్వాస శబ్దం తక్కువ. గోళ్ళు ఉబ్బలేదు, మెడలో గడ్డలు లేవు.

ఎక్స్‌రేలో గుండె కుడి అంచు చెరిగిపోయి ఉంది. మధ్య లోబ్ ముడుచుకుపోయిందని దానర్థం. పాత ఎక్స్‌రేలు పక్కన పెట్టి చూస్తే నాలుగేళ్ళ కిందటి “మచ్చ” కూడా అదే చోట ఉంది. ఇది ముఖ్యమైన విషయం. క్యాన్సర్ గడ్డ నాలుగేళ్ళు కదలకుండా కూర్చోవడం మామూలుగా జరగదు. తెమడలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష రెండుసార్లూ నెగెటివ్. స్పైరోమెట్రీలో మందు పీల్చిన తర్వాత కూడా ఎఫ్ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి), ఎఫ్‌వీసీ (మొత్తం బయటికొచ్చే గాలి) నిష్పత్తి 0.59, ఎఫ్ఈవీ1 ఉండాల్సినదాంట్లో 54 శాతం. మందుకు పెద్దగా తేడా రాలేదు కాబట్టి ఆస్తమా వెనక్కి పోయింది. నిష్పత్తి 0.70 కంటే తక్కువ అంటే సీఓపీడీ, ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు. ఎఫ్ఈవీ1 50కి, 80కి మధ్య ఉంటే మధ్యస్థ దశ. గుండె స్కాన్ ఎకోలో ఊపిరితిత్తుల రక్తపోటు కొద్దిగా పెరిగింది.

సీటీలో మధ్య లోబ్ మూసుకుపోయి, దాని గొట్టం సన్నబడి కనబడింది. నొక్కుతున్న గడ్డ లేదు. ఆ ఒక్క గొట్టమే కాదు, కుడి పై లోబ్ గొట్టం, ఎడమవైపు ఒకటి కూడా కాస్త ఇరుకుగా ఉన్నాయి. పక్కన సున్నం పట్టిన లింఫ్ గ్రంథులు. ఒకేసారి రెండు వైపులా అనేక చోట్ల ఇరుకు కావడం క్యాన్సర్ పద్ధతి కాదు.

ఇక్కడ బంధువుల్లో ఒకాయన పెట్ స్కాన్ చేయించాల్సిందేనని పట్టుబట్టారు. నేను వద్దన్నాను. బొగ్గు మసి పేరుకున్న గ్రంథులు కూడా పెట్‌లో వెలుగుతాయి. వెలిగితే క్యాన్సర్ భయం రెట్టింపవుతుంది, జేబు ఖాళీ అవుతుంది, బయాప్సీ మాత్రం ఎలాగూ తప్పదు. ఏకంగా బ్రాంకోస్కోపీకే, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని శ్వాసనాళాల్లోకి దింపి చూసే పరీక్షకే వెళ్ళాం.

గొంతుకు మొద్దుబార్చే లిగ్నోకైన్ కొట్టి, కొద్దిగా మత్తిచ్చి స్కోప్ దింపాం. స్వరతంత్రులు, పెద్ద శ్వాసనాళం మామూలుగా, గులాబీ రంగులోనే ఉన్నాయి. కుడివైపు తిరగగానే పై లోబ్ మొదట్లో, గొట్టాలు చీలే అంచు మీద, కాటుక పూసి వేలితో రుద్దినట్టు నీలి నలుపు మచ్చలు. సెలైన్ కొట్టి కడిగాం. కదల్లేదు. మసి పైన అంటుకుని లేదు, పొర లోపల ఇంకి ఉంది. ఇంకాస్త కిందికి వెళ్తే మధ్య లోబ్ ద్వారం ముడుచుకుని, చుట్టూ నల్లగా, గీతలా మిగిలింది. స్కోప్ దూరలేదు. ఎడమవైపు కూడా చీలికల దగ్గరే మచ్చలు. ఇలాంటి చోట ముక్క తీస్తే రక్తం తొందరగా కారుతుంది. కారింది కూడా. చల్లటి సెలైన్, పలుచని అడ్రినలిన్‌తో ఆగింది.

బయాప్సీలో క్యాన్సర్ కణాలు లేవు, టీబీలో కనబడే కణాల ముద్దలు (గ్రాన్యులోమాలు) లేవు. కార్బన్ రేణువులు మింగి నల్లబడిన మాక్రోఫేజ్ కణాలు (బయటి రేణువులను మింగే రక్షణ కణాలు), వాటి చుట్టూ మచ్చకట్టిన గట్టి కణజాలం. కడిగిన నీటిలో సీబీనాట్ నెగెటివ్. ఆరు వారాల కల్చర్‌లోనూ టీబీ క్రిమి పెరగలేదు. రోగనిర్ధారణ: బ్రాంకియల్ ఆంత్రకోఫైబ్రోసిస్ (మసి ఇంకి శ్వాసనాళాలు మచ్చకట్టి ఇరుకవడం), దాంతోపాటు పొయ్యి పొగ వల్ల వచ్చిన సీఓపీడీ.

ఎందుకిలా అవుతుంది

10 మైక్రాన్ల కంటే పెద్ద ధూళి చాలావరకు ముక్కులో, గొంతులో ఆగుతుంది. అంతకన్నా సన్నవి గొట్టాల్లోకి, 2.5 మైక్రాన్ల కంటే సన్నవి (పీఎం 2.5 అనేది వీటినే) గాలి సంచుల దాకా పోతాయి. గొట్టం చీలే చోట గాలి మలుపు తిరుగుతుంది గానీ రేణువు నేరుగా వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది. మచ్చలు చీలికల దగ్గరే ఉండటానికి అదొక కారణం. మాక్రోఫేజ్ కణాలు కార్బన్‌ను మింగగలవు, అరిగించుకోలేవు. మోసుకుంటూ లింఫ్ గ్రంథుల్లోకి చేరుస్తాయి. ఆ గ్రంథులు ఉబ్బి, ఎండి, పక్కనున్న గొట్టాన్ని లాగేస్తాయి. మధ్య లోబ్ గొట్టం పొడవుగా, సన్నగా ఉండి చుట్టూ గ్రంథులే ఉంటాయి కాబట్టి ముందు నలిగేది అదే.

1998లో కొరియా వైద్యులు ఈ పేరుతో దీన్ని వివరించినప్పుడు టీబీతో సంబంధం ఉందన్నారు. తర్వాత ఆసియా దేశాల నుంచి వచ్చిన కేసుల్లో పొయ్యి పొగ ప్రధానంగా కనబడింది. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. అందుకే టీబీని గుడ్డిగా నమ్మడమూ తప్పే, గుడ్డిగా కొట్టిపారేయడమూ తప్పే. ఇక పొయ్యి పొగ సీఓపీడీలో సిగరెట్ రోగుల్లో లాగా గాలి సంచులు చిరిగిపోయే ఎంఫిసీమా తక్కువ, చిన్న గొట్టాలు మచ్చకట్టి ఇరుకవడం ఎక్కువ. సీటీలో ఎంఫిసీమా లేదు కదా అని సీఓపీడీని కొట్టేయకూడదు.

ఇప్పుడు సిటీ గాలి. “మనది ఢిల్లీ కాదు కదా” అనే మాట ఓపీలో తరచూ వింటాం. కాదు. మన ఏక్యూఐ ఎక్కువ రోజులు శాటిస్‌ఫాక్టరీ, మోడరేట్ మధ్యే ఊగుతుంది. అయితే శాటిస్‌ఫాక్టరీ అంటే పీఎం 2.5 ఇరవైనాలుగు గంటల సగటు క్యూబిక్ మీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన హద్దు 15. ఏడాది సగటుకు మన జాతీయ ప్రమాణం 40 అయితే వాళ్ళది 5. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరు ఊరికే చేరలేదు.

పైగా ఆ అంకె ఇరవైనాలుగు గంటల సగటు. సనత్‌నగర్‌లోనో, జూ పార్క్‌లోనో, పాశమైలారంలోనో ఉన్న యంత్రం దగ్గరి గాలిది. ఆమె కుంపటి ముందు గాలిని కొలిచే యంత్రం లేదు. జూనియర్ పట్టుకెళ్ళిన చేతి మీటరు అంకెలు ఇక్కడ రాయడం లేదు. అలాంటి చవక మీటర్లు తేమ గాలిలో ఎక్కువ చూపిస్తాయి. విసిరినప్పుడల్లా అంకె ఎగబాకి, ఆపితే దిగిందన్నది మాత్రం చెప్పగలను.

చలికాలంలో ఆమెకు ఎక్కువ కావడానికి ఊరి గాలి కూడా కారణమే. రాత్రి నేల త్వరగా చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి నిలుస్తాయి. కిందిది పైకి లేవదు. పొయ్యిలు, చెత్త మంటలు, డీజిల్ పొగ అన్నీ పొద్దెక్కేదాకా మన ముక్కు ఎత్తులోనే ఉంటాయి. దేశం మొత్తం మీద బయటి గాలిలోని పీఎం 2.5కు ఇళ్ళ పొయ్యిలే పెద్ద వాటాదారుల్లో ఒకటి. ఆ నల్ల మసే ఎండ వేడిని పట్టి వాతావరణాన్నీ వేడెక్కిస్తుంది. ఆమె పొయ్యి పొగ ఆమెకే కాదు, రేకు అవతలి ఇంటికీ పోతోంది.

వైద్యం

మసిని తీసే మందు లేదు. ఈ మాట ముందే చెప్పేశాం. టయోట్రోపియం, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ స్పేసర్‌తో మొదలుపెట్టాం. రక్తంలో ఇసినోఫిల్స్ అనే అలర్జీ కణాలు తక్కువే కాబట్టి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఇవ్వలేదు. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు, ఊపిరి వ్యాయామాలు, బీపీ మందు. ఇన్‌హేలర్ అనగానే ఆమె అడిగింది మనందరం రోజూ వినే ప్రశ్నే: “అది ఒక్కపారి పెడితే జిందగీ అంత పెట్టాల్నంట గదా సారూ?” జిందగీ అంతా పెట్టాల్సింది జబ్బు వల్ల, ఇన్‌హేలర్ వల్ల కాదని కొడుకుకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ఆ రోజు ఓపీలో కాస్త సమయం పట్టింది.

అసలు కష్టం పొగ తగ్గించడంలో. బండి మానేయమని చెప్పడం చీటీ మీద రాసినంత తేలిక కాదు, ఇల్లు నడిచేదే దాని మీద. ఎన్95 మాస్కు సలహా ఇచ్చాం గానీ పెద్ద ఆశ పెట్టుకోలేదు. కుంపటి వేడికి ఆరు గంటలు దాన్ని కట్టుకోవడం ఎవరి వల్లా కాదు. రేణువులను ఆపినా కార్బన్ మోనాక్సైడ్‌ను అది ఆపదు. చీర కొంగు రెండింటినీ ఆపదు.

పనికొచ్చినవి చిన్న మార్పులే. బొగ్గును ముందే వేరే చోట అంటించి ఎర్రబడ్డాకే బండి మీదికి తేవడం. ప్లాస్టిక్‌తో వెలిగించకపోవడం. విసనకర్ర బదులు బ్యాటరీతో తిరిగే చిన్న బ్లోయర్‌ను పక్క నుంచి పెట్టడం, దాంతో మొహం దూరంగా ఉంటుంది. గాలి వీచే వైపు చూసుకుని నిలబడటం. గ్యాస్ మీద ఉడకబెట్టిన కంకులు కూడా పెట్టమన్నాం. కొడుకు ఒప్పుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు: “బొగ్గుల మీద కాలిస్తెనే కొంటరు. ఉడకబెట్టింది ఎవరు తింటరు?” ఆమె బేరం సంగతి ఆమెకే తెలుసు.

నీళ్ళ పొయ్యి మాత్రం వారంలో ఆరిపోయింది. ఆమె కోసం కాదు, మనవరాలి దగ్గు గురించి చెప్పినందుకు. మొదట బకెట్లో రాడ్ హీటర్ పెడతామన్నారు. పిల్లలున్న ఇంట్లో షాక్ భయమని వద్దన్నాం. చివరికి గ్యాస్ మీద ఒక గిన్నె కాచి, చన్నీళ్ళు కలుపుకుంటున్నారు. సిలిండర్ తొందరగా అయిపోతోందని కోడలు చెప్పింది.

తర్వాత

మూడు నెలలకు నడక మెరుగైంది, రాత్రి దగ్గు తగ్గింది, రెండు కిలోల బరువు పెరిగారు. రాత్రి ఊదుడు మీటరు 16 నుంచి 9కి దిగింది. ఏడాదికి ఎఫ్ఈవీ1 56 శాతం. దీన్ని మెరుగుదల అనను, జారిపోలేదంటాను. మధ్య లోబ్ ముడుచుకునే ఉంది, తెరుచుకుంటుందని మేమూ అనుకోలేదు. గొట్టంలో స్టెంట్ పెట్టే ఆలోచన చేయలేదు. అన్ని చోట్ల ఇరుకున్నప్పుడు ఒకచోట తెరిచి లాభం లేదు. తెమడ రంగు మారినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గినా మళ్ళీ టీబీ పరీక్షకు రమ్మన్నాం.

చలికాలం బాగానే గడిచింది. ఆగస్టులో మాత్రం దగ్గు ఎక్కువై యాంటీబయాటిక్, నెబ్యులైజర్ దాకా వెళ్ళింది. కంకుల సీజన్ అదే. వాన తుంపరలో బండి చుట్టూ టార్పాలిన్ కట్టుకుని, లోపల కుంపటి పెట్టుకుని అమ్మారట. ఈసారి పైకప్పు మాత్రమే ఉంచి పక్కలు తెరవమని చెప్పాం.

మనవరాలి దగ్గు తగ్గింది. సాయంత్రాలు బండి దగ్గర ఇప్పుడు ఎక్కువగా కోడలు నిలబడుతోంది. ఆమెకు 26 ఏళ్ళు, ఏ ఇబ్బందీ లేదు, స్పైరోమెట్రీ నార్మల్. రాత్రి ఊదిస్తే 11 వచ్చింది. ఆమె పేరు మీద కూడా ఫైల్ తెరిచాం, ఏడాదికోసారి స్పైరోమెట్రీ చేస్తాం.